చాంఫర్ అంటే అంచు విరవడం

అందరికీ నమస్కారమండి. వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా? సరే. ఏదైనా టెక్నికల్ టాపిక్ మీద ఓ గంట మాట్లాడమన్నారు, నేను ఒక్క మాట మీదే మాట్లాడతానని చెప్పాను. ఆ మాట చాంఫర్, అంటే ముక్క పదునైన అంచుని కొంచెం ఏటవాలుగా కొట్టేయడం. మీరంతా ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, వెల్డర్ ట్రేడ్‌ల వాళ్ళు కాబట్టి అది రోజూ వినేదే, "అక్కడ చాంఫర్ కొట్టు", "ఒకటి బై నలభైఅయిదు పెట్టు" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. డ్రాయింగ్‌లో 1 × 45° అని, అంటే ఒక మిల్లీమీటరు మేర 45 డిగ్రీల వాలు అని ఉంటుంది, లేదంటే సీ 1 అని ఉంటుంది, మనం లేత్ మీద టూల్ తిప్పి పెట్టేస్తాం, లేదా ఆకురాయి పట్టి నాలుగు సార్లు లాగేస్తాం. చాలామందికి అదొక ఫినిషింగ్ పని, జాబ్ అయిపోయాక చివర్లో చేసేది, టైం లేకపోతే వదిలేసేది. అలా ఎందుకు వదిలేయకూడదో ఆ మాటలోనే ఉందని నా నమ్మకం.

డ్రాయింగ్ షీట్ కింద కుడివైపు టైటిల్ బ్లాక్ పక్కన నోట్స్ ఉంటాయి చూశారా, అందులో చాలాసార్లు ఒక లైను కనపడుతుంది, "బ్రేక్ ఆల్ షార్ప్ ఎడ్జెస్" అని. పదునుగా ఉన్న అంచులన్నీ విరిచెయ్యండి అని. అదే డ్రాయింగ్‌లో పైన ఎక్కడో షాఫ్ట్ చివర చాంఫర్ అని బాణం గుర్తు కూడా ఉంటుంది. ఇవి రెండు వేరే వేరే సూచనలని అనుకుంటాం కదా, మాట పుట్టుక చూస్తే రెండూ ఒకటే. చాంఫర్ ఇంగ్లీషులోకి ఫ్రెంచ్ నుంచి 1500ల్లో వచ్చింది. పాత ఫ్రెంచ్‌లో ఆ క్రియ షాన్‌ఫ్రాండ్ర్, అందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది షాన్, అంటే అంచు. రెండోది ఫ్రాండ్ర్, అంటే విరవడం. అంచు విరవడం, అంతే. నాలుగు వందల ఏళ్ళ పైనుంచి ఆ మాట లోపల దాక్కున్న అర్థాన్నే మన డ్రాఫ్ట్స్‌మన్ తెలియకుండానే మళ్ళీ విడదీసి నోట్స్‌లో రాస్తున్నాడన్నమాట.

ఆ రెండో ముక్క మీకు బాగా తెలిసినదే. లాటిన్‌లో ఫ్రాంగెరె అంటే విరవడం, దాన్నుంచే ఫ్రాక్చర్ వచ్చింది, లెక్కల్లో ఫ్రాక్షన్ అంటే భిన్నం వచ్చింది, పార్సిల్ డబ్బాల మీద రాసే ఫ్రాజైల్ వచ్చింది. చెయ్యి విరిగితే డాక్టరు రాసే మాటా, మీరు చిన్న క్లాసులో చేసిన భిన్నాలూ, షాఫ్ట్ చివర కొట్టే చాంఫరూ ఒకే ఇంటి పిల్లలు.

మొదటి ముక్క కథే ఎక్కువ తిరిగింది. షాన్ అంటే అంచు అన్నాను, ఫ్రెంచ్ తాపీ పనివాళ్ళు ఇప్పటికీ ఇటుకని పడుకోబెట్టకుండా సన్నటి వైపు మీద నిలబెడితే దాన్ని "ద షాన్" పెట్టడం అంటారు. అది లాటిన్‌లో కాంథస్ అనే మాట నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం బండి చక్రానికి చుట్టూ బిగించే ఇనప పట్టా. ఒకటో శతాబ్దంలో రోమ్‌లో క్వింటిలియన్ అని మాట్లాడే విద్య నేర్పే పెద్ద గురువు ఉండేవాడు, ఆయన అప్పుడే ఇది మన మాట కాదు, ఆఫ్రికా నుంచో స్పెయిన్ నుంచో వచ్చిందని రాశాడు. ఇప్పటి పండితులు ఎక్కువమంది అది కెల్టిక్ మాట అంటారు, ఎందుకంటే ఆ కెల్టిక్ కుటుంబంలోదే అయిన వెల్ష్ భాషలో కాంట్ అంటే ఇప్పటికీ చక్రం అంచు, వలయం. గ్రీకులో కూడా కాంథోస్ అనే మాట ఉంది, దానర్థం కంటి మూల, అంటే మన కనుకొలకు. కంటి డాక్టర్లు ఇన్నర్ కాంథస్, ఔటర్ కాంథస్ అని లోపలి కొలకునీ బయటి కొలకునీ ఇప్పటికీ ఆ మాటతోనే పిలుస్తారు. ఇక్కడ ఒకటి చెప్పాలి, కాంథస్‌లో కన్ను వినపడుతోంది కాబట్టి అది మన మాటేనని ఎవరైనా ఫార్వర్డ్ పంపితే నమ్మకండి. రెండు మాటలు చెవికి ఒకేలా వినపడినంత మాత్రాన చుట్టాలు కావు, మధ్యలో దారి చూపించాలి, ఇక్కడ అలాంటి దారి ఏదీ లేదు.

అంచు, మూల అనే ఈ అర్థం నుంచి ఇంకో మాట పుట్టింది, అది మీరు స్కూల్ సైన్సులో చదివారు, తేర్చడం. మడ్డి అడుగుకి దిగాక పైన తేటనీళ్ళు మెల్లగా వంచి పోయడం, ఇంగ్లీషులో డికాంట్ చేయడం. అందులో కాంట్ ఇదే, కూజా మూతి అంచు. రసవాదులు, అంటే ఇనుముని బంగారం చేద్దామని తిరిగినవాళ్ళు, లాటిన్‌లో తయారుచేసుకున్న మాట అది.

ఈ మాట వర్క్‌షాప్ దాటి ఏకంగా ఒక ఊరంతా పరుచుకున్న చోటు ఒకటుంది, బార్సిలోనా. స్పెయిన్‌లో ఫ్రెంచ్ మాటే చాఫ్లాన్ అయ్యింది, బార్సిలోనా వాళ్ళ కాటలాన్ భాషలో షంఫ్రా అయ్యింది. 1859లో ఇల్డెఫోన్స్ సెర్దా అనే సివిల్ ఇంజినీర్ గీసిన కొత్త ఊరి ప్లాన్‌కి ప్రభుత్వం ఆమోదం ఇచ్చింది. ఆ ప్లాన్‌లో ఒక్కో బ్లాక్ పక్క 113.3 మీటర్లు, మామూలు వీధి వెడల్పు 20 మీటర్లు, ఇవన్నీ గళ్ళు గళ్ళుగా వెళ్తాయి, కానీ ఏ బ్లాక్‌కీ మూల 90 డిగ్రీలుగా ఉండదు, నాలుగు మూలలూ 45 డిగ్రీల్లో కొట్టేశాడు. గూగుల్ మ్యాప్స్‌లో పైనుంచి చూడండి, వందల అష్టకోణాలు పేర్చినట్టు ఉంటుంది. ఆయన ఆలోచన రాబోయే ఆవిరి బళ్ళు సులువుగా మలుపు తిరగాలి, నాలుగు రోడ్ల దగ్గర ఎదురుగా వచ్చేది కనపడాలి, గాలీ వెలుతురూ రావాలి అని. ఇవాళ అక్కడి జనం మూల మీది కొట్టుకి అడ్రస్ చెప్పాలంటే ఆ రెండు వీధుల షంఫ్రా దగ్గర అంటారు. ఫిట్టర్ ఆకురాయితో చేసే పని అక్కడ ఊరి అడ్రస్ అయి కూర్చుంది, నాకు ఈ విషయం తెలిసినప్పుడు ఎంత సంతోషమేసిందో.

మనకీ అది లేకపోలేదు. కార్నర్ ప్లాట్ ఉన్నవాళ్ళు ఇల్లు కట్టేటప్పుడు ప్లాన్ అప్రూవల్‌లో స్ప్లే వదలాలంటారు కదా, అదే పని. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్ జీవో 168లో కూడా రోడ్ల జంక్షన్ దగ్గర మూల కోసి వదలాలన్న నిబంధన ఉంది. స్ప్లే మాట వేరు, అది డిస్‌ప్లే అనే మాటకి పొట్టి రూపం, విప్పి పరచడం అని. ఇక్కడ మనవాళ్ళకి ఒక గుబులు ఉంటుంది, ఆ మూల ఈశాన్యం అయితే ఈశాన్యం కోత పడుతుందని వాస్తు వాళ్ళు వద్దంటారు, అందుకని కొంతమంది కాంపౌండ్ వాల్ మళ్ళీ మూలదాకా కట్టేస్తారు, స్కూటర్ మీద వచ్చే పిల్లాడికి పక్క నుంచి వచ్చే ట్రాక్టర్ కనపడదు. నేనైతే ఆ మూల వదలమనే చెప్తాను, ఎవరి నమ్మకం వాళ్ళదే గానీ ఆ మూల అందరి ప్రాణాలకి సంబంధించింది.

సరే, మళ్ళీ వర్క్‌షాప్‌కి వద్దాం. అంచుని మనమే ఎందుకు విరవాలి? దానికి జవాబు, మనం విరవకపోతే అదే విరుగుతుంది. తేడా అంతా ఎవరు విరిచారు, ఎక్కడ విరిచారు అనేదాంట్లోనే ఉంది. కిచెన్ ప్లాట్‌ఫామ్ గ్రానైట్ చూడండి, అంచు అలాగే 90 డిగ్రీలు పదునుగా వదిలేస్తే ప్రెషర్ కుక్కర్ ఒక్కసారి తగిలినా పెచ్చు లేచిపోతుంది, ఎందుకంటే ఆ కొనకి వెనక ఆనుకోడానికి రాయి లేదు, రెండు వైపులా ఖాళీయే. అందుకే కరీంనగర్ నుంచి వచ్చిన రాయైనా చీమకుర్తి నల్ల రాయైనా, కటింగ్ అయ్యాక కనీసం ఓ రెండు మిల్లీమీటర్లు అంచు కొట్టి పాలిష్ పడతారు. కాంక్రీట్ కాలమ్ అచ్చులో మూలల్లో మూడు పలకల చెక్క బద్ద పెడతారు చూడండి, అదీ ఇదే. ఆ పదునైన మూలలోకి కంకర వెళ్ళదు, ఒట్టి సిమెంట్ ఇసుక పాలే వెళ్తుంది, అచ్చు ఊడదీసేటప్పుడు ఆ ముక్క అచ్చుతో పాటే ఊడొస్తుంది, ముందే బద్ద పెట్టి ఆ మూలే లేకుండా చేస్తే గొడవే లేదు.

మందుల మాత్ర సంగతి చెప్తే మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది, మీలో చాలామంది రేపు హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో మెయింటెనెన్స్‌లోనో టూల్ రూమ్‌లోనో చేరతారు. చదునుగా ఉండే తెల్ల మాత్ర ఒకటి తీసుకుని దీపం వెలుగులో పక్కకి తిప్పి చూడండి, చుట్టూ సన్నగా ఒక వాలు కనపడుతుంది. ఫ్లాట్ ఫేస్ బెవెల్ ఎడ్జ్ అని ఆ పంచ్‌కి, అంటే పొడిని మాత్రగా నొక్కే అచ్చుకి పేరు. ఆ వాలు లేకపోతే మెషిన్ నుంచి బయటికి వచ్చి దొర్లేటప్పుడూ ప్యాకింగ్‌లోనూ అంచులు రాలి పొడి అవుతాయి, పొడి అయితే మందు బరువు తగ్గుతుంది.

పెయింట్ సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ప్లేటు అంచు పదునుగా ఉంటే తడి పెయింట్ అక్కడ నిలబడదు, ఆరేలోపు అటూ ఇటూ వెనక్కి లాక్కుంటుంది, కొన మీద పొర పల్చబడిపోతుంది, తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఓడల బ్యాలస్ట్ ట్యాంకుల్లో, అంటే ఓడ నిలకడగా ఉండటానికి నీళ్ళు నింపే ట్యాంకుల్లో ఉప్పునీళ్ళు కదా, అక్కడ ఇది ఎంత పెద్ద సమస్య అంటే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2006లో పెట్టిన కోటింగ్ స్టాండర్డ్‌లో అంచుల గురించి విడిగా రాసింది, అంచుకి కనీసం 2 మిల్లీమీటర్ల రేడియస్ ఉండాలి, లేదా గ్రైండర్‌తో మూడు సార్లు పట్టి ఉండాలి అని. విశాఖ వైపు నుంచి వచ్చిన వాళ్ళలో ఎవరైనా షిప్‌యార్డ్‌కి అప్రెంటిస్‌కి వెళ్తే ఇది గుర్తు పెట్టుకోండి, గ్రైండర్ పట్టుకున్న మనిషి చేతిలో ఆ ట్యాంకు ఆయుష్షు ఉంది.

వడ్రంగులకైతే ఇది ఇంకా ముందు నుంచీ తెలుసు. యూరప్‌లో పాత ఇళ్ళ దూలాలు చూస్తే మధ్యలో అంతా అంచు కొట్టి ఉంటుంది, గోడకి దగ్గరపడే చోట, ఇంకో దూలంతో కలిసే చోట చాంఫర్ ఆగిపోతుంది, మళ్ళీ పూర్తి నలుపలక చెక్కే ఉంటుంది. దీన్ని స్టాప్ చాంఫర్ అంటారు. అందంకోసం అనుకుంటాం, కానీ అతుకు పడే చోట కూసం, అంటే ఇంకో చెక్క తొర్రలోకి దిగే కొన, బిగియాలంటే చెక్క నిండుగా ఉండాలి, అందుకని అక్కడ ముట్టుకోలేదు. మిగతా చోట మనుషులకి తగులుతుంది, పేడు లేస్తుంది, పైగా నిప్పు అంటుకుంటే పదునైన కొన రెండు వైపులనుంచీ వేడెక్కి ముందు అదే అంటుకుంటుంది, కాబట్టి అక్కడ కొట్టేశారు. ఇంగ్లండ్‌లో గుర్రపు బళ్ళు చేసేవాళ్ళు బరువు తగ్గించుకోడానికి కూడా ఇదే చేసేవాళ్ళు, బలం అక్కర్లేని చోట చెక్క తీసేయడం. ఎక్కడ కొట్టాలో ఎంత ముఖ్యమో ఎక్కడ ఆగాలో అంతే ముఖ్యం. మీరు కూడా ఓ-రింగ్ అనే రబ్బరు సీల్ కూర్చునే గాడి అంచునీ, గుండ్రటి జాబ్‌ని కూర్చోబెట్టే వి-బ్లాక్ కొలత ముఖాన్నీ డ్రాయింగ్ చూడకుండా ఇష్టమొచ్చినంత కొట్టేయకండి.

రాతిలో దీని పరాకాష్ఠ చూడాలంటే తమిళనాడులో మండగపట్టు వెళ్ళండి, ఏడో శతాబ్దం మొదట్లో పల్లవ మహేంద్రవర్మ తొలిపించిన గుహాలయం. స్తంభం కింద నలుపలక, పైన నలుపలక, మధ్యలో నాలుగు మూలలూ కొట్టేసి ఎనిమిది పలకలు. లెక్క మీరు చేయగలరు, నలుపలక నుంచి సమాన అష్టకోణం రావాలంటే పక్క 100 ఉంటే ఒక్కో మూల నుంచి 29.3 కొలిచి గీత పెట్టాలి, అప్పుడు ఎనిమిది పలకలూ 41.4 వస్తాయి. వాళ్ళు ఎలా కొలిచారో గానీ, కొండలోనే ఉన్న రాయిని, తప్పు కొడితే మార్చే వీల్లేని రాయిని అలా కొట్టారు.

ఇప్పుడు బెవెల్ గురించి, ఎందుకంటే చాంఫర్‌కీ బెవెల్‌కీ తేడా ఏంటని ఇంటర్వ్యూలో అడుగుతారు. మామూలుగా చెప్పుకునేది ఏంటంటే, ముక్క మందంలో కొన మాత్రమే కొట్టి మిగతా అంచు నిటారుగా వదిలేస్తే చాంఫర్, ఈ ముఖం నుంచి ఆ ముఖందాకా అంచు మొత్తం వాలుగా వెళ్ళిపోతే బెవెల్. ఉలి కొన బెవెల్. వెల్డర్లు పైపు చివర చేసేది బెవెల్, బట్ వెల్డింగ్‌కి, అంటే రెండు చివరలూ ఎదురెదురుగా పెట్టి అతికేదానికి, స్టాండర్డ్ కోణం 37.5 డిగ్రీలు, కింద 1.6 మిల్లీమీటర్ల రూట్ ఫేస్, అంటే వాలు కొట్టని నిటారు అంచు వదులుతారు. అయినా షాపుల్లో రెండు మాటలూ కలిపి వాడేస్తారు, దాని మీద ఎవరితోనూ దెబ్బలాడకండి.

బెవెల్ ఎక్కడిది అంటే పండితులకి పూర్తిగా ఒప్పుదల కుదరలేదు, ఎక్కువగా చెప్పేది పాత ఫ్రెంచ్‌లో నోరు తెరవడం, ఆవులించడం అనే అర్థమున్న మాట నుంచి అని. మీ కిట్‌లో బెవెల్ గేజ్ ఉంటుంది కదా, రెండు చేతులు ఒక స్క్రూ దగ్గర కలిసి తెరుచుకునేది, దాన్ని తెరిచి పట్టుకుంటే తెరిచిన నోరులాగే ఉంటుంది. ఇది నిజమైతే ఆ మాటకి బొమ్మ మీ చేతిలోనే ఉంది. 1609లో అచ్చయిన షేక్స్‌పియర్ సానెట్లలో 121వ దాంట్లో ఈ మాట మనుషుల మీద వాడాడు, వాళ్ళు బెవెల్‌గా ఉన్నా నేను స్ట్రెయిట్‌గానే ఉండొచ్చు కదా అని, అంటే వంకరగా ఉన్నది చూసేవాళ్ళు, నేను కాదు అని. వర్క్‌షాప్ మాట కవిత్వంలోకి వెళ్ళడం చిన్న విషయం కాదు.

ఆసుపత్రిలో నర్సులకి కూడా ఈ మాట నిత్యం వాడుకే. సూది కొన ఏటవాలుగా కోసి ఉంటుంది, ఆ వాలు ముఖాన్ని బెవెల్ అనే అంటారు, నరంలోకి పెట్టేటప్పుడు బెవెల్ పైకి ఉండాలని ట్రైనింగ్‌లో నేర్పుతారు. మీ ఫోన్ బెజెల్ కూడా ఈ వరసదే, ఈ రోజు స్క్రీన్ చుట్టూ ఉండే నల్ల అంచుని బెజెల్ అంటున్నాం, కానీ మొదట్లో దానర్థం ఉలి కొన వాలు, ఉంగరంలో రాయిని పట్టి ఉంచే అంచు. ఫ్రెంచ్‌లో బిజో అంటే ఇప్పటికీ ఏటవాలు అంచే.

మరి తెలుగులో ఏమనాలి అని అడుగుతారు. పుస్తకాల్లో ఏటవాలు అంచు అని రాస్తారు, తప్పు లేదు, వాలు మంచి మాట, వాలు కుర్చీ, పొద్దు వాలడం అన్నీ అందులోనివే. కానీ నాకు ఇంకో మాట మీద మనసుంది. ఓర. ఓర అంటే అంచు, పక్క. ఓరచూపు అంటే ఏటవాలు చూపు. తలుపు ఓరగా వేశాడు అంటే కొంచెం తెరిచి ఉందని. అంచు, వాలు, కాస్త తెరుచుకుని ఉండటం, ఈ మూడూ ఆ రెండక్షరాల్లో ముందునుంచే ఉన్నాయి. బెవెల్‌కి ఫ్రెంచ్ వాళ్ళ తెరిచిన నోరు దాకా వెళ్ళాల్సి వచ్చింది, మనకి ఓరగా వేసిన తలుపు ఇంట్లోనే ఉంది. చాంఫర్ అనడం మానమని నేను చెప్పను, ఆ మాట మనదైపోయింది, దాన్ని మార్చి ఎవర్నీ ఇబ్బంది పెట్టక్కర్లేదు. తెలుగులో పాఠం రాసే టీచర్లు మాత్రం ఓర అనే మాటని ఒకసారి వాడి చూడమని అడుగుతున్నాను.

జపాన్ వాళ్ళు దీన్ని మెంతోరి అంటారు, ముఖం తీయడం అని దానర్థం. మెషిన్ షాప్‌లోనూ అదే మాట, వడ్రంగం దగ్గరా అదే మాట, వంటింట్లోనూ అదే మాట. పెద్ద తెల్ల ముల్లంగిని మందపాటి చక్రాలుగా కోసి చాలాసేపు సన్న మంట మీద ఉడికిస్తారు వాళ్ళు, ఆ ముక్కల అంచులు ముందే కత్తితో చుట్టూ సన్నగా తీసేస్తారు. తీయకపోతే ముక్కలు ఒకదానికొకటి తగిలి కొనలు చెదిరి పులుసులో కలిసిపోతాయి. గ్రానైట్‌కి చెప్పిన కారణమే ముల్లంగికీ, మారిందల్లా వస్తువే. మీరు ఇంటికెళ్ళి సొరకాయ ముక్కలతో చేసి చూడొచ్చు.

ఇంక టైం అవుతోంది, ప్రాక్టికల్ ఉంది. 50 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ బ్లాకులు మీ వైస్‌ల దగ్గర పెట్టించాను, ఒక్కొక్కరూ రెండు అంచులు 1 × 45° కొట్టాలి, రెండు అంచులు ముట్టుకోకుండా వదలాలి. తర్వాత నాలుగు అంచుల్నీ వేరే బ్లాక్ మీదకి అడుగు ఎత్తు నుంచి ఒక్కోసారి వదిలి, లెన్స్ పెట్టి చూసి ఏం కనపడిందో రికార్డులో రాయండి. కొలవడానికి వెర్నియర్ బెవెల్ ప్రొట్రాక్టర్ వాడండి, లీస్ట్ కౌంట్, అంటే దాంతో కొలవగల అతి చిన్న కొలత, 5 నిమిషాలు, డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం, అది ఎందుకు 5 వచ్చిందో కూడా రాయాలి, వెర్నియర్ మీద 12 గీతలు మెయిన్ స్కేల్ మీద 23 డిగ్రీలకి సరిపోతాయి, అక్కణ్ణుంచి మీరే లెక్క కట్టండి. కొట్టకుండా వదిలిన అంచుల దగ్గర మాత్రం వేళ్ళు జాగ్రత్త.